పాత బండి, మారిన ఇంజను: ఎల్లారెడ్డి దారుల మోటారు చరిత్ర

హైదరాబాదులో చౌమహల్లా ప్రాసాదానికి వెళ్ళినవారు అక్కడి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ముందు కాసేపు నిలబడకుండా తిరిగి రారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన సిల్వర్ ఘోస్ట్ అది. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. కారు ఆ తరువాతే హైదరాబాదు చేరింది. లండన్ నగరంలోని బార్కర్ కంపెనీ దాని బాడీ కట్టింది. వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది కనుక దానికి సింహాసనపు కారు అనే పేరు స్థిరపడింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో అది ఉత్సవాలకు మాత్రమే బయటికి వచ్చేది. అన్ని దశాబ్దాలలోనూ అది నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదని చెబుతారు.

హైదరాబాదు నుండి నర్సాపూర్, మెదక్ మీదుగా వాయవ్యంగా పోతే ఎల్లారెడ్డి వస్తుంది. నిజాం కాలం నుండీ తాలూకా కేంద్రంగా ఉన్న ఊరు. 2016 అక్టోబరులో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో అది రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఈ దారుల మీద తిరిగిన జీపులకు, అంబాసిడర్లకు సింహాసనాలు లేవు. ఉత్సవాల కోసం అవి ఎదురుచూడలేదు. పొద్దున లేస్తే కిరాయి, రాత్రయితే షెడ్డు. అటువంటి బండి ఒక్కదాని బతుకులో రెండు మూడు ఇంజన్లు మారడం వింత కాదు.

పాత మోటారు బండ్ల చరిత్ర అనగానే మనకు రాజుల కార్లే గుర్తుకు వస్తాయి. నాకు తోచినంతలో, మన మోటారు చరిత్రలో పెద్ద భాగం ఈ రెండవ రకం బండ్లది. వాటిని నడుస్తూ ఉంచిన మెకానిక్కులది, లేత్ పనివారిది. ఆ చరిత్ర మరమ్మతుల చరిత్ర. దానిని ఎక్కడ వెతకాలో, అది ఎందుకు చెదిరిపోతున్నదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రైలు చేరని ఊరు

ఇరవయ్యవ శతాబ్దం మొదట్లోనే సికింద్రాబాదు నుండి మన్మాడుకు వేసిన మీటరు గేజి రైలు మార్గం కామారెడ్డిని తాకింది. ఎల్లారెడ్డికి రైలు రాలేదు. కానీ పెద్ద పనులు ఆ చుట్టుపక్కలకే వచ్చాయి. ఒకవైపు నాగిరెడ్డిపేట దాపున పోచారం చెరువు. మరొకవైపు మంజీర నది మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో 1923లో మొదలైన ఆ ఆనకట్ట 1931లో పూర్తయింది. దాని నీటి వలన బోధన్ ప్రాంతంలో చెరకు పెరిగింది. ఆ చెరకును నమ్ముకొని 1930ల చివర బోధనులో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. నీరు, పంట, సర్కారు కొలువు, సంత, అన్నీ ఉండి రైలు లేని చోట మోటారు బండి అవసరం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

1932 జూన్ నెలలో నిజాం రాజ్య రైల్వే తన రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. మొదట 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆ బస్సులు స్కాట్లండు దేశంలో గ్లాస్గో నగరానికి చెందిన ఆల్బియన్ కంపెనీవి. రైల్వే సంస్థే బస్సులు కూడా నడపడం ఆనాటికి కొత్త సంగతి. తరువాతి కాలంలో ఆర్టీసీగా మారిన సంస్థకు మూలం ఇదే.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. బండి గ్లాస్గోలో పుట్టింది. దాని బేరింగు అరిగితే కొత్తది ఓడలో రావాలి. అంతదాకా బండిని నిలబెట్టలేరు. కనుక కొనవలసిన భాగాన్ని ఇక్కడే లేత్ మీద తిప్పి చేసుకోవడం తప్పనిసరి అయింది. 1942లో హైదరాబాదులో స్థాపించిన ఆల్విన్ మెటల్ వర్క్స్ ఆల్బియన్ చట్రాల మీద బస్సు బాడీలు కట్టింది. చట్రం బయటిది, పై కట్టుబడి మనది. మన మోటారు పని పుట్టుక నుండే ఇటువంటి కలగలుపు పని.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఇది మరింత ముదిరింది. పెట్రోలుకు రేషన్ వచ్చింది. అప్పుడు తెలుగునాట అనేక చోట్ల బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. బస్సు వెనుక ఒక ఇనుప పీపా బిగించి, అందులో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానిని చల్లార్చి, బూడిద వడగట్టి, పెట్రోలుకు బదులు ఇంజనులోకి పంపేవారు. శక్తి బాగా తగ్గేది. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నడవవలసి వచ్చేది. మన పెద్దవారి జ్ఞాపకాలలోని 'బొగ్గు బస్సు' ఇదే. ఆ ఇంజన్లను చేసినవారు ఈ వాడకాన్ని ఉద్దేశించి వాటిని చేయలేదు. అవసరం పడి, ఇక్కడివారు వాటిని మార్చుకున్నారు.

యుద్ధం వదిలిన జీపు

అదే యుద్ధం మనకు జీపును ఇచ్చింది. 1941 నుండి 1945 వరకు అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు సైన్యం కోసం ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. యుద్ధం ముగిశాక మిగిలినవి వేలం వేశారు. 1945లో మొదలైన మహీంద్రా సంస్థ స్వాతంత్ర్యం వచ్చిన కాలం నుండి విల్లీస్ జీపులను బొంబాయిలో బిగించి అమ్మసాగింది. నీటిపారుదల ఇంజనీరుకు, తహసీల్దారుకు, పోలీసులకు, డాక్టరుకు జీపే వాహనమైంది. సర్కారు వాడి వదిలిన జీపు వేలంలో మరొకరి చేతికి వచ్చేది. ఆ తరువాత అది ఊళ్ళ మధ్య మనుషులను మోసే కిరాయి బండి. ఎనిమిది మంది పట్టే చోట పదిహేను మంది.

యుద్ధకాలపు జీపు ఇంజను 2,199 సి.సి. పెట్రోలు ఇంజను. నాలుగు సిలిండర్లు, వాల్వులు పక్కన. ఎవరైనా విప్పి బిగించగలిగేంత తేటగా ఉండేది. కరెంటు ఆరు వోల్టులే. కొత్తలో సరిపోయేది గానీ, తీగలు పాతబడి కలికాలు తుప్పు పట్టాక సెల్ఫ్ తిరగదు, దీపాలు మిణుకుమంటాయి. కనుక జీపుకు మొదట జరిగే మార్పు ఆరు వోల్టుల నుండి పన్నెండు వోల్టులకు. బ్యాటరీ, డైనమో, బల్బులు, కాయిల్ మార్చాలి. సెల్ఫ్ మోటారును చాలామంది పాతదే ఉంచేవారు. రెట్టింపు వోల్టు పడి అది జోరుగా తిరిగేది. అలా ఎక్కువసేపు తిప్పితే కాలిపోతుందని తెలిసినవారు మీట వెంటనే వదిలేవారు.

ఇంజను అరగడం తరువాతి సంగతి. దుమ్ము దారుల మీద, గాలి వడపోత సరిగా లేని ఇంజనులో సిలిండర్ల గోడలు గుండ్రతనం కోల్పోతాయి. నూనె పైకెక్కి నీలి పొగ వస్తుంది. అప్పుడు బోరింగు చేసి, సిలిండరును కొద్దిగా వెడల్పు చేసి, ఓవర్ సైజు పిస్టన్లు, రింగులు వేస్తారు. అంగుళంలో వెయ్యవ వంతును కొలమానంగా తీసుకొని పది సైజు, ఇరవై సైజు, ముప్పై సైజు అంటారు. ఆ సైజులన్నీ అయిపోతే స్లీవు వేసి మళ్ళీ మొదటి కొలతకు తెస్తారు. అంటే ఒక్క దిమ్మె అనేక జన్మలు ఎత్తగలదు. ఈ లెక్క మన మెకానిక్కులకు నోటికి వచ్చు. బడి చదువు అంతగా లేనివారు కూడా మిల్లీమీటరులో వందవ వంతును వేలి కొనతో పసిగట్టగలరు.

మోరిస్ వంశం

జీపు తరువాత చెప్పుకోవలసినది అంబాసిడర్. కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 1957లో దీని తయారీ ప్రారంభించింది. ఇది ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు. మొదట్లో పక్క వాల్వుల పాత ఇంజను ఉండేది. 1959 ప్రాంతంలో 1,489 సి.సి. ఇంజను వచ్చింది. అది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-శ్రేణి ఇంజను. వాల్వులు హెడ్డు పైన ఉంటాయి. క్రాంకు మూడు బేరింగుల మీద తిరుగుతుంది. కంప్రెషన్ సుమారు ఏడు రెట్లే. ఇది తక్కువ. కానీ దాని వలననే నాసిరకం పెట్రోలుతో కూడా కొట్టుకోకుండా నడిచేది. 2014 మేలో ఉత్తర్‌పారా కర్మాగారం ఆగిపోయే దాకా, అంటే 57 ఏళ్ళ పాటు, కారు ఆకారం పెద్దగా మారలేదు.

ఆకారం మారనందువలన మెకానిక్కుకు ఒక గొప్ప మేలు జరిగింది. 1985 నాటి బండి భాగం 1965 నాటి బండికి చాలావరకు అతుకుతుంది. కొద్ది పనితో కొత్తది పాతదానికి ఎక్కుతుంది. పాత అంబాసిడర్‌ను మెరుగుపరచుకోవడం అంటే దాని తమ్ముళ్ళ నుండి భాగాలు అడిగి తెచ్చుకోవడమే.

డైనమో తీసి ఆల్టర్నేటరు బిగించడం అటువంటి మార్పు. డైనమో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు చాలినంత కరెంటు ఇవ్వదు. రాత్రిపూట సంతలో ఇంజను నడుస్తూ ఉండగానే బ్యాటరీ దిగిపోతుంది. ఆల్టర్నేటరుతో ఆ బాధ తీరింది. అయితే ఆనాటి ఇంగ్లీషు బండ్లలో బ్యాటరీ ప్లస్ తీగను బాడీకి కలిపేవారు. ఆల్టర్నేటరుకు మైనస్ బాడీకి కలవాలి. అది గమనించకుండా బిగిస్తే కొత్త ఆల్టర్నేటరులోని డయోడ్లు అక్కడికక్కడే పోతాయి. డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం మరొకటి. నాలుగు చక్రాలకూ ఉన్న డ్రమ్ము బ్రేకుల స్థానంలో ముందు చక్రాలకు డిస్కులు, పైన సర్వో అమర్చడం ఇంకొకటి. ఇవన్నీ బండి రూపు చెడకుండా దాని నడకను, భద్రతను బాగుచేసే మార్పులు. అవసరమైతే పాతవి మళ్ళీ బిగించవచ్చు.

డీజిల్ వచ్చిన కాలం

అసలు పెద్ద మార్పు చమురు ధర వలన వచ్చింది. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతిని బిగబట్టాయి. కొద్ది నెలలలోనే ముడిచమురు ధర సుమారు నాలుగింతలు అయింది. మన దేశంలో పెట్రోలు మీద పన్ను ఎక్కువ, డీజిల్ మీద తక్కువ. పెట్రోలు అంబాసిడర్‌తో, పెట్రోలు జీపుతో కిరాయి నడిపేవాడికి లెక్క తప్పింది. బండి అమ్ముకోవాలి, లేదా ఇంజను మార్చుకోవాలి. చాలామంది రెండవదే చేశారు.

మెటాడోర్ వ్యానుల డీజిల్ ఇంజన్లు, జర్మనీ మెర్సిడెస్ వంశానివి, కార్లలోకి ఎక్కాయి. దెబ్బతిన్న వ్యాను నుండి ఇంజను కొనుక్కొని అంబాసిడర్‌లో దించేవారు. కంపెనీలు కూడా ఇదే బాట పట్టాయి. మహీంద్రా వారు 1970ల నడుమ తమ జీపులో పెట్టిన డీజిల్ ఇంజను ఇంటర్నేషనల్ ట్రాక్టరు ఇంజను సంతతిదే. ఆ తరువాత పెజో వారి 2,112 సి.సి. డీజిల్ ఇంజను వచ్చింది. అంబాసిడర్ కూడా 1980 ప్రాంతంలో కర్మాగారం నుండే డీజిల్ ఇంజనుతో రాసాగింది. షెడ్డులో జరుగుతున్న పనిని కర్మాగారం కూడా చేసిందన్నమాట. ఈ సంగతిని మన మోటారు చరిత్రకారులు తగినంత గుర్తించలేదని నా అభిప్రాయం.

ఇంజను మార్చడం మాటల్లో చెప్పినంత సులువు కాదు. పెట్రోలు ఇంజను ప్లగ్గు నిప్పుతో మండుతుంది. డీజిల్ ఇంజను గాలిని ఇరవై రెట్ల దాకా అదిమి, ఆ వేడితోనే మండుతుంది. అంత ఒత్తిడి తట్టుకోవడానికి దాని దిమ్మె బరువుగా ఉంటుంది. బరువు పెరిగితే బండి ముందు భాగం కుంగుతుంది. అంబాసిడర్‌లో ముందు స్ప్రింగుల బదులు టోర్షన్ బార్లు ఉంటాయి కనుక వాటిని మెలిపెట్టి ఎత్తు సరిచేయాలి. జీపులో అయితే కమాను కట్టకు ఒక పట్టా అదనంగా చేర్చాలి. ఇంజను కాళ్ళు పాత చట్రం మీద కూర్చోవు. వాటికి కొత్త దిమ్మెలు వెల్డింగు చేయాలి. ఇంజనుకు, గేరు బాక్సుకు నడుమ ఉక్కు పలకతో జోడింపు చేయించాలి. ఆ పలక మధ్య రంధ్రం వెంట్రుకవాసి పక్కకు జరిగినా గేరు బాక్సు షాఫ్టు వంకరగా తిరిగి బేరింగును తినేస్తుంది. లేత్ మనిషి నైపుణ్యం అంతా అక్కడ తెలుస్తుంది.

డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజనంత వేగంగా తిరగదు. డిఫరెన్షియల్ పళ్ళ లెక్క మార్చకపోతే బండి అరుస్తుందే గాని సాగదు. పెట్రోలు ఇంజను గాలి పీల్చే తీరులో పుట్టే శూన్యం బ్రేకు సర్వోకు పనికివస్తుంది. డీజిలులో అది దొరకదు కనుక వేరే శూన్యపు పంపు కావాలి. వాడని డీజిల్ తిరిగి ట్యాంకుకు పోవడానికి మరొక గొట్టం వేయాలి. చలికాలం పొద్దున స్టార్టు కావడానికి హీటరు ప్లగ్గులు, వాటికి తగ్గ పెద్ద బ్యాటరీ కావాలి. ఒక్క ఇంజను మారిస్తే బండిలో సగం మారుతుంది. ఇంతా చేసిన మెకానిక్కుకు ఏ పుస్తకమూ లేదు. ఒక ఉస్తాదు దగ్గర పానాలు అందిస్తూ నేర్చుకున్నదే చదువు.

ఎండ, పెట్రోలు, చెరకు

పెట్రోలుతోనే మిగిలిపోయిన బండ్లకు వేరే పరీక్షలు ఎదురయ్యాయి. మే నెలలో మన ఎండ నలభై నాలుగు డిగ్రీలు దాటుతుంది. ఇంజను పక్కనున్న పంపులో పెట్రోలు ఆవిరై, పంపు ఆవిరినే తోస్తూ ఉంటుంది. బండి దారి మధ్యలో ఆగిపోతుంది. డ్రైవరు దిగి పంపు మీద తడిగుడ్డ చుట్టి, చెట్టు నీడన కాసేపు ఆగి, మళ్ళీ బయలుదేరేవాడు. ఇంగ్లండులో ఈ బండి గీసినవారు ఈ తడిగుడ్డను ఊహించి ఉండరు.

2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. గాలికి అది మేలే. కానీ పాత ఇంజన్లలో సీసం వాల్వు సీట్ల మీద పల్చని పూతగా నిలిచి వాటిని కాపాడేది. అది పోయాక పోత ఇనుపు సీట్లు అరిగి, వాల్వులు లోపలికి దిగబడసాగాయి. హెడ్డు విప్పి గట్టి ఉక్కు సీట్లు ఎక్కించడం దీనికి మందు.

ఇప్పుడు మూడవ పరీక్ష నడుస్తోంది. 2025లో మన పెట్రోలులో ఇథనాల్ పాలు నూటికి ఇరవైకి చేరింది. ఇది పూర్తిగా కొత్త ఆలోచనేమీ కాదు. చక్కెర మడ్డి నుండి తీసిన ఆల్కహాలును పెట్రోలులో కలపడానికి 1948లోనే దేశంలో ఒక చట్టం వచ్చింది. నిజాంసాగర్ నీటితో పెరిగిన చెరకు ఆడిన బోధన్ కర్మాగారం 2015లో మూతపడింది. చెరకు సారం మాత్రం వేరే దారిన బండి ట్యాంకులోకి వచ్చింది. పాత రబ్బరు గొట్టాలను, పంపులోని డయాఫ్రమ్‌ను ఇథనాల్ ఉబ్బిస్తుంది. తేమను పీల్చుకొని ట్యాంకును తుప్పు పట్టిస్తుంది. దానిలోనే ఆక్సిజన్ ఉంటుంది కనుక కార్బురేటరు జెట్టు సరిచేయకపోతే మిశ్రమం పలుచనై ఇంజను వేడెక్కుతుంది. కనుక పాత పెట్రోలు బండి ఉన్నవారు గొట్టాలు, డయాఫ్రమ్, జెట్టు, ఈ మూడింటినీ ముందుగా చూపించుకోవాలి. ఖర్చు పెద్దది కాదు. పగిలిన గొట్టం నుండి వేడి ఇంజను మీద కారే పెట్రోలు మాత్రం ప్రాణాంతకం.

చట్టం చూపు

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాల నియమాలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషన్ నుండి యాభై ఏళ్ళు దాటిన కార్లు, ద్విచక్ర వాహనాలు ఈ గుర్తింపు పొందవచ్చు. నంబరులో 'వి.ఎ.' అన్న అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పరాదు. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఒకటి ఉంది. బండి మూలరూపంలో ఉండాలి. చట్రం, బాడీ, ఇంజను చెప్పుకోదగిన మార్పుకు లోనై ఉండరాదు.

ఈ నియమం అన్యాయమని నేను అనను. మూలరూపంలో మిగిలిన బండ్లు తక్కువ. వాటిని కాపాడాలి. అయితే దీని ఫలితం ఏమిటో ఆలోచించండి. ఏటా పది మైళ్ళు కూడా తిరగని రాజుగారి కారు వంటివి సులభంగా నెగ్గుతాయి. 1950ల నాటి జీపు ఒకటి సర్కారు కొలువు చేసి, వేలంలో అమ్ముడై, రెండు పెట్రోలు ఇంజన్లు అరగదీసి, డీజిలుకు మారి, మూడు కుటుంబాలను పోషించిందనుకోండి. అది నెగ్గదు. దానికి మిగిలేది పాత ఇనుము ధర. దాని మీద జరిగిన పని అంతా చట్టం దృష్టిలో లోపమే.

మనకు గుడి విషయంలో ఈ ఇబ్బంది లేదు. జీర్ణోద్ధరణ అనే మాట ఉంది. శిథిలమైన స్తంభం తీసి కొత్తది నిలిపితే గుడి పాతది కాకుండా పోదు. ఎవరు, ఎప్పుడు బాగుచేయించారో శాసనం వేయిస్తారు. తరువాతి చరిత్రకారుడికి ఆ శాసనమే ఆధారం.

బండికి కూడా అటువంటి శాసనం ఒకటి ఉండేది. అది పాత ఆర్.సి. పుస్తకం. చిప్పు కార్డులు రాకముందు ప్రతి బండికీ ఒక చిన్న పుస్తకం ఉండేది. ఎవరి పేరు నుండి ఎవరి పేరుకు మారింది, ఏ తేదీన, ఏ కార్యాలయంలో, అన్నీ చేతివ్రాతతో, ముద్రతో ఉండేవి. ఇంజను నంబరు కొట్టివేసి కొత్త నంబరు వ్రాసిన పుట ఉండేది. పెట్రోలు అన్న చోట డీజిల్ అని దిద్దిన పుట ఉండేది. చమురు ధర ఎల్లారెడ్డి దాకా ఎప్పుడు వచ్చి తగిలిందో ఆ పుటలు తేదీతో సహా చెబుతాయి. ఏ గెజెటీరూ అంత దగ్గరి నుండి చెప్పదు.

ఆ పుస్తకాలు ఇప్పుడు బండితో పాటే పోతున్నాయి. బండి తుక్కుకు అమ్మేటప్పుడు పుస్తకం కూడా ఇచ్చేస్తారు, లేదా ఇంట్లో చెదలకు వదిలేస్తారు. అసలు పుస్తకం అప్పగించక తప్పకపోయినా, ముందుగా ప్రతి పుటకూ ఫోటో తీసి పెట్టుకోవచ్చు. బోరింగు చేసిన రసీదు, లేత్ షాపు చీటీ, విప్పి పారేసిన పాత కార్బురేటరు కూడా దాచదగినవే. ఇంజను మార్చినప్పుడు ఏ బండి నుండి తెచ్చారో, ఏ సైజు పిస్టన్లు వేశారో ఒక కాగితం మీద వ్రాసి ఉంచితే అదే చాలు. ఈ పని చేసిన ఉస్తాదులలో అనేకులు వృద్ధులయ్యారు. వారిని అడిగి వ్రాసుకోవడానికి మిగిలిన సమయం కొద్దిది. మీ ఇంట్లో పాత ఆర్.సి. పుస్తకం ఉంటే ఈ వారమే బయటికి తీయండి. ఇంజను నంబరు దిద్దిన పుట ఉందేమో చూడండి.